బురద కింద గ్యాస్, బురద మీద గుల్ల
(హైదరాబాద్ అడిక్‌మెట్‌లో చేసిన స్మారకోపన్యాస పాఠం)

మా జంతుశాస్త్రం మాస్టారి పేరు మీద జరిగే సభ కాబట్టి నాలుగు పొగడ్తలతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆయనకు పొగడ్తలు గిట్టవు. ఎవరైనా మొదలుపెడితే "విషయానికి రావయ్యా" అనేవారు. వచ్చేస్తున్నాను.

సముద్రం లేని ఊళ్ళో సముద్రపు గుల్లల మీద ఉపన్యాసమేమిటని ఆహ్వానపత్రం చూసి ఒకరిద్దరు అడిగారు. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళు మోసే నాలా అశోక్‌నగర్ మీదుగా వచ్చి, నల్లకుంట పక్కనుంచి పోయి మూసీలో పడుతుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దక్కను పీఠభూమి మీద వానకు కరిగిన నల్లరేగడి, ఎర్రమన్ను, ఆకు, అలము అన్నీ లక్షల ఏళ్ళుగా ఈ దారినే పోయాయి. అటు గోదావరి అంతకంటే ఎక్కువే మోసింది. ఇప్పుడు ఆనకట్టల వెనక చాలా మన్ను ఆగిపోతోంది కానీ, పూర్వం పోయిందంతా మచిలీపట్నం, కాకినాడల ఎదురుగా సముద్రం అడుగున మేటలు వేసుకుని ఉంది. భూగర్భశాస్త్రం వాళ్ళు దాన్ని కృష్ణా గోదావరి బేసిన్ అంటారు. పేపర్లలో గ్యాస్ వార్తల పుణ్యమా అని కేజీ బేసిన్‌గా మనకందరికీ తెలుసు.

ఆ బురద లోపల ఆక్సిజన్ ఉండదు. అక్కడి సూక్ష్మజీవులు నదులు తెచ్చిపోసిన ఆకూ అలమూ మీద బతుకుతూ మీథేన్ వదులుతాయి. వెయ్యి మీటర్ల లోతున నీటి బరువు మన గాలి ఒత్తిడికి వంద రెట్లు. చలి ఆరేడు డిగ్రీలు. ఆ ఒత్తిడికి, ఆ చలికి మీథేన్ నీటి అణువుల మధ్య చిక్కుకుని మంచుగడ్డలా గట్టిపడుతుంది. అదే గ్యాస్ హైడ్రేట్. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే దాదాపు 164 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది. చమురు దిగుమతుల లెక్క చూసుకునే దేశానికి ఆ సంఖ్య నిద్రపట్టనివ్వదు. 2006లో జోయిడ్స్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ మన జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద వచ్చి 21 చోట్ల సముద్రం అడుగుని తొలిచింది. కేజీ బేసిన్‌లో ఒక్క చోటనే 130 మీటర్ల మందాన, బంకమట్టి పగుళ్ళ నిండా హైడ్రేట్ కనిపించింది. అంతకుముందూ ఆ తరువాతా భూకంప తరంగాలు పంపి ఈ పొరల్ని వెతకడంలో ఇక్కడికి దగ్గరలోనే, హబ్సిగూడ దాటాక ఉప్పల్ రోడ్డు మీదున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళ కృషి చాలా ఉంది.

గ్యాస్ సంగతి మంత్రులు చెప్తారు, కంపెనీలు చెప్తాయి. ఆ గ్యాస్ మీద ముందునుంచీ కాపురం ఉంటున్నవాళ్ళ సంగతి చెప్పేవాళ్ళే తక్కువ.

2007లో మారియన్ డుఫ్రేన్ అనే ఫ్రెంచి పరిశోధన నౌక కేజీ బేసిన్‌లో పొడవాటి గొట్టాలు దించి బురద తీసింది. గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ, మనవాళ్ళు ఎన్‌ఐఓ అనేది, ఆ గొట్టాల్లో ఒకదాన్ని చీల్చి చూస్తే మీటర్ల కొద్దీ లోతున సున్నపు గడ్డలు, వాటి మధ్య గుల్లల చిప్పలు దొరికాయి. అనింద్య మజుందార్, ఆయన సహచరులు 2009లో ఆ సంగతి ప్రచురించారు. అవి వేల ఏళ్ళ కిందటి చిప్పలు. కాలిప్టోజెనా ప్రజాతివని గుర్తించారు. ఆ ప్రజాతి గుల్లలు సముద్రంలో ఎక్కడపడితే అక్కడ ఉండవు. మీథేన్ ఊరే చోటో, సల్ఫైడ్ ఎగదన్నే చోటో ఉండి తీరాలి. అంటే ఒకప్పుడు అక్కడ అడుగు నేల నుంచి గ్యాస్ పైకి ఊరేదన్నమాట. ఒక చిప్ప ముక్క అంత సాక్ష్యం చెప్పింది.

తొమ్మిదేళ్ళ తరువాత బతికున్నవే దొరికాయి. 2018లో ఎన్‌ఐఓ వాళ్ళ సింధు సాధన నౌక అదే బేసిన్‌లో, అడుగు నేలకు కొద్ది లోతులోనే హైడ్రేట్ ఉన్నచోట, ఇప్పటికీ మీథేన్ ఊరుతున్న తావుల్ని కనిపెట్టింది. వీటిని కోల్డ్ సీప్‌లంటారు. భారతదేశపు ఆర్థిక మండలి జలాల్లో ఇలాంటి సజీవ సీప్ బయటపడటం అదే మొదలు. మరుసటి ఏడు అచ్చయిన జాబితాలో కాలిప్టోజెనా, కాంకోసిలి, అకారాక్స్ అనే గుల్లలు, బాతిమోడియోలస్ అనే ఆలుచిప్పలు, ప్రొవన్నా అనే నత్తలు, గొట్టపు పురుగులు, తెల్లటి పీతల్లాంటి మునిడాప్సిస్‌లు ఉన్నాయి. సూర్యకాంతి సోకని నేల మీద ఒక ఊరికి ఊరే.

నేను చెప్పదలచుకున్న కుటుంబం ఈ కాలిప్టోజెనాది. శాస్త్రంలో వెసికోమైడీ అంటారు. 1901లో డాల్, సింప్సన్‌లు ఆ పేరు పెట్టారు. ఇందులో రెండు శాఖలున్నాయి. ఒక శాఖవి చిన్నవి, వెసికోమ్యా వగైరా, చాలావరకు గోరంత కూడా ఉండవు. లోతు సముద్రపు మామూలు బురదలో, పైనుంచి రాలే పొడి తింటూ, జీర్ణనాళంతో మర్యాదగా బతుకుతాయి. వాటి గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రెండో శాఖ పెద్దది, పేరు మోసినది. 1977 ఫిబ్రవరిలో గలాపగోస్ దగ్గర ఆల్విన్ అనే జలాంతర్వాహనం రెండున్నర కిలోమీటర్ల లోతుకు దిగి వేడినీటి బుగ్గల్ని కనుగొన్నప్పుడు రాళ్ళ మధ్య తెల్లగా బారులు తీరి కనిపించినవి ఇవే. చూసిన శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. అంత లోతున తిండి ఉండదు, తిండి లేనిచోట జానెడు గుల్ల ఎలా పెరుగుతుంది? 1980లో కెన్నెత్ బాస్, రూత్ టర్నర్‌లు దానికి కాలిప్టోజెనా మాగ్నిఫికా అని పేరు పెట్టారు. పాతిక సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది.

జవాబు ఒక క్లాసురూములో వచ్చింది. 1980లో హార్వర్డ్‌లో మెరెడిత్ జోన్స్ అనే పురుగుల నిపుణుడు ఆ బుగ్గల దగ్గరి గొట్టపు పురుగుల గురించి చెప్తూ, వాటి ఒంట్లో గంధకపు స్ఫటికాలున్నాయన్నాడు. కొలీన్ కావనా అనే విద్యార్థిని లేచి నిలబడి, అయితే లోపల గంధకాన్ని మండించి బతికే బ్యాక్టీరియా ఉండి తీరాలి అంది. మరుసటేడు పురుగుల్లోనూ, 1983లో ఈ గుల్లల మొప్పల్లోనూ చూపించింది. ఉపన్యాసాల మధ్యలో లేచి మాట్లాడేవాళ్ళను కూర్చోబెట్టే అలవాటు మన విశ్వవిద్యాలయాల్లో బాగానే ఉంది గనక ఈ కథ కాస్త ఆగి చెప్పాను.

ఇక లోపలికి వెళ్దాం. మాస్టారు బీఎస్సీ పిల్లల చేత చెరువుల్లో దొరికే లామెల్లిడెన్స్ గుల్లను కోయించేవారు. చిప్పను పట్టి ఉంచే రెండు కండరాలు తెంచి పైచిప్ప ఎత్తితే, మొప్పలు పలచటి తెరల్లా, వేలు తగిలితే చిరిగేటంత నాజూగ్గా ఉంటాయని కోసినవాళ్ళందరికీ గుర్తే. నీటిని వడగట్టి తిండి పట్టుకోవడం వాటి ముఖ్యమైన పని. వెసికోమైడీలో ఈ పెద్ద శాఖ గుల్లను తెరిస్తే దృశ్యం వేరు. మొప్పలు దళసరిగా, కండపట్టి ఉంటాయి. కడుపు, పేగు కుంచించుకుపోయి ఉంటాయి. రక్తం ఎర్రగా కారుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన ముక్కుకు తగులుతుంది. ఆ దళసరి మొప్పల కణాల నిండా బ్యాక్టీరియా ఉంటుంది. గుల్లను పోషించేది అదే.

బ్యాక్టీరియాకు రెండు సరుకులు కావాలి. హైడ్రోజన్ సల్ఫైడ్, ఆక్సిజన్. ఈ రెండూ ఒకచోట నిలవవు, కలిస్తే వాటంతటవే హరించుకుపోతాయి. సల్ఫైడ్ బురద లోపల ఉంది, ఆక్సిజన్ బురద పైన నీటిలో ఉంది. అందుకని గుల్ల నిలువుగా, సగం బురదలో కూరుకుని కూర్చుంటుంది. నేలమాళిగలోకి కాళ్ళు చాపి, కిటికీలోంచి గాలి పీల్చే మనిషి లాగా. పాదాన్ని కిందికి చాపి చర్మం గుండా సల్ఫైడ్ లాగుతుంది. పైకి సైఫన్ గొట్టాలు తెరిచి ఆక్సిజన్ ఉన్న నీళ్ళు పీలుస్తుంది. రెండూ రక్తంలో వేర్వేరు వాహనాలెక్కి మొప్పలకు చేరతాయి. ఆక్సిజన్‌ను ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్ మోస్తుంది. సల్ఫైడ్‌ను రక్తపు ద్రవంలో ఉండే, జింకు కలిగిన ఒక పెద్ద ప్రోటీన్ గట్టిగా పట్టుకుని మోస్తుంది. అలా పట్టుకోకపోతే గుల్ల చస్తుంది. సల్ఫైడ్ మనకు విషం, దానికీ విషమే. కణాల్లో శ్వాసక్రియ చివరి మెట్టుమీదున్న సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ను అది కదలనివ్వదు. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో దిగిన కార్మికులను మన నగరంలో బలితీసుకునే వాయువుల్లో ఇదొకటి. ఆ విషాన్ని రక్తంలో కట్టేసి నడిపించుకుపోయి, విప్పాల్సిన చోట విప్పే జంతువు ఇది. మొప్పల్లో బ్యాక్టీరియా ఆ సల్ఫైడ్‌ను ఆక్సిజన్‌తో మండించి, వచ్చిన శక్తితో కార్బన్ డయాక్సైడ్‌ను పిండిపదార్థంగా మారుస్తుంది. అందుకు వాడే ఎంజైమ్ రూబిస్కో. మన వేపాకులో, వరి ఆకులో ఉన్నదీ ఆ కోవదే. ఆకు సూర్యుడిని వాడుకుంటే ఇక్కడ సూర్యుడి బదులు సల్ఫైడ్, అంతే తేడా.

ఎర్ర రక్తం గుల్ల అనగానే కాకినాడవాళ్ళకు బుడిత గుర్తొస్తుంది. అనడారా గ్రానోసా. కాకినాడ అఖాతంలో దాన్ని ఎరుగని మత్స్యకారుడు లేడు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థలో పనిచేసిన కె.ఎ. నరసింహం దాని పెరుగుదల, సంతానోత్పత్తి, వేట గురించి చాలా శ్రద్ధగా పరిశోధించారు. ఆ బుడితకూ హిమోగ్లోబిన్ ఉంది. ఆక్సిజన్ తగ్గే బురదలో బతకాల్సిరావడమే కారణం. అంత దగ్గర చుట్టరికం లేకపోయినా, ఒకే తీరంలో, ఒకటి ఒడ్డు పక్కన, మరొకటి వెయ్యి మీటర్ల లోతున, ఇద్దరూ ఒకే ఉపాయం పట్టుకున్నారు. తీరపు గుల్ల మీద మనవాళ్ళకు నలభై ఏళ్ళ కిందటే అంత వివరమైన పరిశోధన ఉంది. లోతు గుల్ల మీద అలాంటిది జరగాలి.

సల్ఫైడ్ ఎక్కడినుంచి వస్తుంది? మీథేన్ వల్లే, కానీ నేరుగా కాదు. కిందనుంచి మీథేన్ పైకి ఊరుతుంది, పైనుంచి సముద్రపు నీటిలోని సల్ఫేట్ బురదలోకి దిగుతుంది. రెండూ కలిసే పొరలో ఆర్కియా అనే సూక్ష్మజీవులు, సల్ఫేట్‌ను విడగొట్టే బ్యాక్టీరియా ముద్దలు ముద్దలుగా జంటకట్టి ఉంటాయి. ఒకటి మీథేన్‌ను తింటుంది, రెండోది సల్ఫేట్‌ను సల్ఫైడ్ చేస్తుంది. మిగిలిన బైకార్బొనేట్ కాల్షియంతో కలిసి సున్నపురాయిగా గట్టిపడుతుంది. 2007 నాటి గొట్టంలో చిప్పల పక్కన సున్నపు గడ్డలు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా. ఇంకో తమాషా ఏమిటంటే, గుల్ల ఊరికే కూర్చోదు. బురదలో కదులుతూ, నీళ్ళు లోపలికి తోడుతూ సల్ఫేట్‌ను మరింత లోతుకు పంపుతుంది. దానితో సల్ఫైడ్ తయారీ పెరుగుతుంది. మీథేన్ వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా వేడి పుట్టించే వాయువు. ప్రపంచమంతటా సముద్రపు బురదలో పైకొచ్చే మీథేన్‌లో అత్యధిక భాగం ఈ పొరలోనే ఖర్చయిపోతుంది, నీళ్ళ దాకా రాదు. ఆ ఖర్చుకు గుల్ల కూడా ఓ చెయ్యి వేస్తోంది.

కేజీ బేసిన్ జాబితాలోనే ఉన్న కాంకోసిలి మరో కుటుంబానిది, థయాసిరిడీ. అదీ సల్ఫైడ్ కోసమే పాకులాడుతుంది కానీ పద్ధతి వేరు. సుజాన్ డుఫూర్, హార్స్ట్ ఫెల్‌బెక్‌లు 2003లో చూపించిన ప్రకారం ఈ కుటుంబంలో కొన్నింటి పాదం చిప్ప పొడవుకు ముప్పై రెట్ల దాకా సాగుతుంది. బురదలో దారాల్లాంటి సొరంగాలు తవ్వి సల్ఫైడ్ ఎక్కడుందో వెతుకుతుంది. పైగా ఈ కుటుంబంలో చాలావాటికి బ్యాక్టీరియా కణం లోపల కాకుండా మొప్ప పైపొర మీద కాపురముంటుంది. సంబంధం అంత గట్టిది కాదు.

వెసికోమైడీలో సంబంధం మరీ గట్టిది. తల్లి గుడ్డుతోనే బ్యాక్టీరియా పిల్లకు అందుతుంది. బయటినుంచి పట్టుకోవాల్సిన పని లేదు. తరతరాలుగా బయట బతకాల్సిన అవసరం లేకపోవడంతో ఆ బ్యాక్టీరియా తన జన్యువుల్లో చాలావాటిని పోగొట్టుకుంది. 2007లో రెండు జట్లు రెండు గుల్లల బ్యాక్టీరియాల జన్యుపటాలు పూర్తిగా చదివాయి. గలాపగోస్ రకానికి చెందినదానిది సుమారు 11 లక్షల 60 వేల అక్షరాలు, జపాన్ రకానిది 10 లక్షల పైచిలుకు. మన పేగులో ఉండే ఈ-కోలైకి 46 లక్షలు. కణం రెండుగా చీలడానికి దాదాపు బ్యాక్టీరియాలన్నీ వాడే ఎఫ్‌టీఎస్‌జెడ్ జన్యువు కూడా జపాన్ రకంలో లేదు. ఇక అది విడిగా జీవి అనాలా, గుల్లలో ఒక అవయవం అనాలా? నేనైతే అవయవం వైపే మొగ్గుతాను. గలాపగోస్ బ్యాక్టీరియాకు రూత్ టర్నర్ గౌరవార్థం రూతియా మాగ్నిఫికా అని పేరు పెట్టారు. ఆవిడ అసలు ప్రావీణ్యం ఓడల చెక్కను తొలిచే గుల్లల్లో. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రం వాళ్ళు విశాఖ హార్బరులో చెక్క తొలిచే గుల్లల మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళే కాబట్టి ఆవిడ పుస్తకాలు అక్కడి బల్లల మీద బాగానే నలిగి ఉంటాయి.

సంతానం సంగతి ఒక్క మాటలో. జపాన్‌లో సగామి అఖాతంలో హత్సుషిమా దీవి దగ్గర, సుమారు 1170 మీటర్ల లోతున, 1993లో ఈ గుల్లల గుంపు దగ్గర కెమెరాలు, ఉష్ణమాపకాలు కేబులుతో ఒడ్డుకు కలిపి పెట్టారు. నీళ్ళ వేడి డిగ్రీలో పదో వంతు, రెండు పదో వంతులు పెరిగితే మగ గుల్లలు వీర్యం వదులుతాయని, ఆ వెనకే ఆడవి గుడ్లు వదులుతాయని తేలింది. ఎండాకాలమో, వానాకాలమో తెలియని చీకట్లో అంత సన్నని తేడాను అవి పసిగడుతున్నాయి.

ఇక వయసు. 1975లో కార్ల్ టురేకియన్, ఆయన తోటివాళ్ళు అట్లాంటిక్ లోతుల్లోంచి తీసిన టిండారియా అనే చిన్న గుల్లను రేడియోధార్మిక పద్ధతిలో కొలిచారు. అది వెసికోమైడీ కాదు, లోతు సముద్రపు మామూలు గుల్ల. 8.4 మిల్లీమీటర్లు పెరగడానికి దానికి వందేళ్ళు పట్టింది. నాలుగేళ్ళ తరువాత ఆయనే గలాపగోస్ గుల్లను అదే పద్ధతిలో కొలిస్తే ఏడాదికి నాలుగు సెంటీమీటర్లని వచ్చింది. రెండింటికీ ఒకే చీకటి. ఒకదానికి తిండి పైనుంచి రాలే దయాధర్మం, రెండోదానికి ఇంట్లోనే వంట. లోతు సముద్రమంటే అంతా మందకొడిగా సాగే వ్యవహారమన్న నమ్మకం ఆ రెండు అంకెల మధ్య కూలిపోయింది.

అయితే ఇంట్లో వంట ఊట ఉన్నంతకాలమే. ఊట ఆగితే పెద్ద శాఖ గుల్లలు పోతాయి, మిగిలేది చిప్పల దిబ్బ. 2007 నాటి గొట్టం చూపించింది సరిగ్గా అలా ఆగిపోయిన ఒక ఊరినే. ఇప్పుడు హైడ్రేట్ నుంచి గ్యాస్ తీయడానికి చెప్తున్న పద్ధతి, బావి దింపి నీళ్ళు తోడి ఒత్తిడి తగ్గించడం. జపాన్ 2013లో నంకై దగ్గర సముద్రంలో ప్రయత్నించింది, కొద్ది రోజులకే బావిలోకి ఇసుక వచ్చి ఆగాల్సొచ్చింది. చైనా 2017లో షెన్‌హు దగ్గర చేసింది. మన దగ్గర 2015లో చిక్యూ అనే జపాన్ ఓడ వచ్చి, కేజీ బేసిన్‌లో మరింత లోతు నీళ్ళలో, ఇసుక పొరల్లో హైడ్రేట్ ఉందని తేల్చింది. తీయడానికి అనువైనది ఆ ఇసుకలోదే. అక్కడి పొరలు వేరు, గుల్లలున్న దిబ్బలు వేరు అనే మాట నిజమే. కానీ గ్యాస్ పైకొచ్చే దారులు పగుళ్ళలో ఉంటాయి, పగుళ్ళు మ్యాపులో గీసిన బ్లాకుల హద్దులు చూసి ఆగవు. ఒకచోట ఒత్తిడి తగ్గిస్తే ఇంకోచోట ఊట ఎక్కువైందో తగ్గిందో మొదట తెలిసేది గుల్లకే. అంచేత బావి వేయకముందే ఏ దిబ్బ మీద ఏ గుల్లలు ఎంత సైజువి ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోవాలని నా అభిప్రాయం. తరువాత రాసుకుంటే దానికి సాక్ష్యం విలువ ఉండదు. మాస్టారైతే మొదట ల్యాబ్ రికార్డు చూపించమని, ఆ తరువాతే కత్తి చేతికిచ్చేవారు.

చివరగా పేరు గురించి, ఇది విద్యార్థుల కోసం. కాలిప్టోజెనా అనేది ఒకప్పుడు సంచి లాంటి పేరు, పెద్ద గుల్లలన్నింటినీ అందులో వేశారు. 2010లో ఎలెనా క్రిలోవా, హైకో సాలింగ్‌లు ఈ కుటుంబాన్నంతా సమీక్షించారు. డీఎన్ఏ పరిశీలనలు తోడయ్యాక ఆ సంచిలోంచి ఆర్కివెసికా, ఫ్రియాజెనా, అబిసోజెనా వంటి ప్రజాతులు విడివడ్డాయి. గలాపగోస్ గుల్ల కూడా కాలిప్టోజెనా కాకుండా పోయి టర్నరోకాంకా అయింది. మళ్ళీ రూత్ టర్నర్ పేరే. 2019 నాటి మన కేజీ బేసిన్ జాబితాలో మాత్రం కాలిప్టోజెనా, పక్కన జాతి పేరు లేకుండా 'ఎస్‌పీ' అన్న రెండక్షరాలు. అంటే ప్రజాతి స్థాయిలో ఆగిన పేరు. చిప్ప అతుకు దగ్గరి పళ్ళు ఎలా ఉన్నాయో సూక్ష్మదర్శిని కింద గీసి, కండరపు మచ్చలు కొలిచి, జాతుల్ని గుర్తుపట్టడానికి వాడే సీఓఐ జన్యువు చదివి జపాన్, ఇండోనేషియా రకాలతో పోల్చిచూడాల్సిన పని అది. దానికి ఓడ అక్కర్లేదు. గోవా నుంచి అనుమతితో తెచ్చుకున్న నమూనా, ఒక మంచి సూక్ష్మదర్శిని, సీక్వెన్సింగ్‌కు కాస్త నిధి, ఇంతే. ఇక్కడినుంచి నడిచిపోయేంత దూరంలో ఉస్మానియా జంతుశాస్త్ర విభాగం ఉంది. మాస్టారి పేరు మీద కుటుంబం ఇస్తున్న ఈ నిధిలో ఏటా కొంత ఒక ఎంఎస్సీ ప్రాజెక్టుకు ఇవ్వవచ్చునేమో అధ్యక్షులవారు ఆలోచించాలి. ప్రశ్నలుంటే అడగండి, మధ్యలో లేచినా సరే.